నీళ్ళ పోశవ్వ

నాచారంలో ఎప్పుడో మూతపడిన ఒక ఇంజనీరింగ్ షెడ్డు వెనకాల, కంపచెట్లు తప్ప ఇంకేమీ మొలవని జాగా ఒకటి ఉండేది. పోయిన ఏడాది నుంచి అక్కడ బెండకాయలు కాస్తున్నాయి. విత్తనం వాళ్ళదే, ఎరువు వాళ్ళదే, ఆఖరికి కలుపు తీసే చక్రాల గుద్దలి కూడా వాళ్ళు చేసుకున్నదే. వాళ్ళంటే ఉప్పల్, నాచారం కాలనీల్లోంచి పోగైన ఒక గుంపు. గుమాస్తాలున్నారు, పంతులమ్మలున్నారు, ఫ్యాక్టరీ షిఫ్టులు చేసేవాళ్ళున్నారు, కంప్యూటర్ల వాళ్ళున్నారు. తమ చేత్తో చేసుకోగలిగింది ఏదీ బజారులో కొనకూడదన్నది వాళ్ళ పంతం. వాళ్ళకు ఆ పంతం అంటించినవాడు గిరిప్రసాద్.

గిరిప్రసాద్ తణుకు వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, ఇక్కడే ఒక కంపెనీలో డ్రాయింగులు గీస్తూ గీస్తూ జుట్టు నెరిపించుకున్నాడు. ఏది చూసినా ‘ఎందుకు’ అని అడగకపోతే ఆయనకు అన్నం సయించదు. ఇంట్లో మిక్సీ ఆగిపోతే సంతోషించే మగాడు ఉప్పల్ మొత్తం మీద ఈయనొక్కడేనని భార్య పద్మావతి అంటూ ఉంటుంది.

రిటైరయ్యాక ఆయనకు నెట్‌లో ఒక వింత తగిలింది. ట్రాక్టరు దగ్గర్నుంచి ఇటుకల మిషను దాకా డ్రాయింగులు గీసి, కొలతలు రాసి, ఎవరైనా చేసుకోండర్రా అని దేశదేశాల వాళ్ళు ఊరికే పెట్టేశారు. ఈయన కంపెనీలో డ్రాయింగులు ఇనప బీరువాలో ఉండేవి. ఆ తాళంచెవి మేనేజరు జేబు దాటి ఎరగదు. “ఊరికే ఇచ్చేవాడి దగ్గర ఏదో తిరకాసు ఉండి తీరుతుంది” అనుకుని, అదేమిటో పట్టుకోవడానికే ముందు చక్రాల గుద్దలి చేశాడు. అది భేషుగ్గా పనిచేసింది. తర్వాత విత్తనాలు నాటే గొట్టం చేశాడు. అదీ పనిచేసింది. తిరకాసు చివరికి షరతుల్లో దొరికింది. నువ్వేదైనా మార్పు చేస్తే అది అందరికీ చూపించాలి. చెడిపోతే ఎలా చెడిపోయిందో అదీ రాయాలి. మొదటిది బాగానే ఉంది గానీ రెండోది ఆయన గొంతు దిగలేదు. మనం చేసిన వస్తువు చెడిందని మనమే చాటింపు వేసుకోవడమేమిటి? ఇంటి గుట్టు లంకకు చేటన్నారు పెద్దలు.

జాగా నరేందర్‌ది. షెడ్డు కట్టించింది వాళ్ళ నాన్నే. ఒక ఏడాది చూసుకొమ్మని ఇచ్చినవాడు, దసరాకు ముందు ఒక సాయంత్రం బండి దిగి, గట్టు మీద కూర్చుని అసలు సంగతి చెప్పాడు.

“సార్, నాకు మీరన్న ఇష్టమే, మీ బెండకాయలన్న ఇష్టమే. గని మీరందరు నౌకరీలు జేసెటోళ్ళు. నాలుగొద్దులు ఎవలు రాకుంటె అన్ని ఎండిపోతయి. ఎండకాలంల గట్లనే అయింది గద. లారీలోళ్ళు పార్కింగుకు అడుగుతున్రు. దీపావళి పొద్దుగాల వస్త. తోట దాని కాళ్ళ మీద అది నిలవడితె మీకే ఇడిసిపెడత. లేకుంటె లారీలోళ్ళకు ఇస్త. మల్ల నన్ను అనొద్దు.”

అందులో అబద్ధమేమీ లేదు. అందుకే నెట్‌లో దొరికిన డ్రాయింగు చూసి ఒక నీళ్ళ పెట్టె చేశారు. చూడ్డానికి టిఫిన్ డబ్బాకు పెద్దన్నలా ఉంటుంది. నేలలో గుచ్చిన పుల్ల మట్టిలో తడి ఉందో లేదో దానికి చెబుతుంది. మూత కింద ఒక చిన్న కన్ను పగలో రాత్రో చెబుతుంది. మట్టి ఎండి, బయట వెలుతురు ఉంటే వాల్వు తెరుచుకుని డ్రిప్పు పైపుల్లోకి నీళ్ళు పోతాయి. చీకటైతే మాత్రం చుక్క వదలదు. రాత్రిపూట తడిస్తే నారు కుళ్ళుతుందని, దాన్ని మొదట తయారుచేసిన చిలీ దేశపు ఆవిడ, మరీసా అట, అలా పెట్టింది. పెట్టెలో ఒంటిపని గిరిప్రసాద్‌ది, బుర్రపని తేజేష్‌ది. తేజేష్ ఉప్పల్ మెట్రో దగ్గర కాపురముండే కంప్యూటర్ ఉద్యోగి, చంటిపిల్ల తండ్రి. పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని కోడ్ రాశాడు. తన త్రీడీ ప్రింటర్‌లో తెల్లటి మూత కూడా తీసిపెట్టాడు, డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు.

దానికి పేరు పెట్టింది కౌసల్యమ్మ. జనగామ వైపు మనిషి. మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసి చేసి ఈమధ్యే మానేసింది. తోటలో ఆమె గొంతు వినిపించని సాయంత్రం లేదు. “నీళ్ళు పోసెడ్ది పోశవ్వ గాక ఇంకేంది?” అంది, తమ ఊరి పోశమ్మ తల్లిని తలుచుకుని. అంతే, అది నీళ్ళ పోశవ్వ అయింది.

దసరా నాడు పనిముట్లన్నీ కడిగి వరసగా పెట్టారు. గుద్దలి, గొట్టం, పారలు, కొడవళ్ళు, చివర పోశవ్వ. కౌసల్యమ్మ పసుపు కుంకుమ తడిపి గిన్నె గిరిప్రసాద్ ముందుకు తోసింది.

“చేసినోడే ముందుగాల పెట్టాలె గిరన్నా.”

“డ్రాయింగులో లేని పని నేను చెయ్యనమ్మా.”

“మీ డ్రాయింగుల అన్నం తినుడు గూడ లేదు గద. తింటలేవా?”

అందరూ గొల్లుమన్నారు. ఈయన సణుక్కుంటూనే ఉంగరం వేలు గిన్నెలో ముంచాడు. పోశవ్వ మూత మీద నడినెత్తిన గుండ్రంగా చిన్న పల్లం ఉంది. కౌసల్యమ్మ అది చూసి మురిసిపోయింది. “సూడు, బొట్టుకు జాగ గూడ వాళ్ళే ఇడిసిన్రు!” నిజమే, వేలు పెడితే అతికినట్టు సరిపోయింది. కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయ కోశారు, సాయంత్రం జమ్మి ఆకులు పంచుకుని ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు.

పండగ ఎంగిలి ఆరకముందే టమాట నారు తల వేలాడేసింది. మట్టి పొడిపొడిగా ఉంది, వాల్వు మూసుకునే ఉంది. బిందెలతో తలా కాసిని పోసి నారు బతికించి, గిరిప్రసాద్ పోశవ్వను స్కూటర్ మీద ఇంటికి తెచ్చుకున్నాడు. దిగులుతో వచ్చాడనుకుంటే పొరపాటు. ముఖం వెలిగిపోతోంది. భోజనాల బల్ల మీద మూత విప్పి చూస్తే అది చక్కగా పనిచేసింది. పుల్ల ఎండగా ఉంటే టిక్కుమంది, తడిపితే ఊరుకుంది. తీసుకెళ్ళి తోటలో బిగించాడు. మళ్ళీ మొండికేసింది.

తేజేష్ లాప్‌టాప్ తగిలించి చూసి బిత్తరపోయాడు. “అంకుల్, దీనికి రాత్రి అనిపిస్తోంది.”

మిట్టమధ్యాహ్నం. గట్టు మీద కాలు పెడితే చుర్రుమంటోంది. గిరిప్రసాద్ మూత తీశాడు. “పగలైంది” అన్నాడు తేజేష్. మూత పెట్టాడు. “రాత్రైంది.” ఇద్దరూ చిన్నపిల్లల్లా ఆ ఆట చాలాసేపు ఆడారు. తెల్లమూత, వెలుతురు దిగాలి కదా, మరి ఎందుకు దిగదు? మూత బిగిస్తే లోపల తీగ నలుగుతోందేమోనని తీగ మార్చారు. కన్ను మార్చారు. మూత లోపలివైపు స్పిరిట్‌తో తుడిచారు. పోశవ్వకు తెల్లవారలేదు.

అంతలో ఒక సాయంత్రం జడివాన కొట్టింది. ఆ వారమంతా మట్టి తడిగానే ఉన్నా, తేజేష్ లాప్‌టాప్‌లో మాత్రం పోశవ్వకు పగలు పగల్లాగే, రాత్రి రాత్రిలాగే కనిపించింది. ఎవరూ ముట్టుకోకుండా దానంతట అదే బాగైంది! గిరిప్రసాద్ పట్టరాని ఆనందంతో, తేమ తగిలితే ఏదో అతుకు కుదురుకుంటోందని ఒక సిద్ధాంతం కట్టాడు. శుక్రవారం మధ్యాహ్నానికి ఆ సిద్ధాంతం మట్టిగొట్టుకుపోయింది. పోశవ్వకు మళ్ళీ చీకటి పడింది.

“అలిగిందన్నా,” అంది కౌసల్యమ్మ. “మీరు ఊకె ఇప్పి సూస్తున్రు. దానికి ఇజ్జతుండదా? శుక్కురారం శుక్కురారం నేనన్న ఇంత మర్యాద జేస్తున్న గాబట్టి సరిపోయింది.”

దీపావళి దగ్గర పడుతోంది. వేడుకగా మొదలైనది మెల్లగా గుండెల మీద కుంపటి అయింది. ఇది పోతే జాగా పోయినట్టే. జాగా పోతే ఈ వయసులో గిరిప్రసాద్‌కు పొద్దున్నే లేవడానికి ఇంకో కారణం లేదు. ఆ మాట ఆయన పైకి అనడు గానీ లోపల అదే భయం. భయపడ్డ మనిషికి నోరు ముందు, బుద్ధి వెనక.

ఆదివారం నాడు అందరూ తోటలో ఉండగా అనేశాడు. “ముప్ఫై ఏళ్ళలో నా పని ఒక్కటి వెనక్కి రాలేదు. మూత తీస్తే నా వైరింగంతా నిక్షేపంలా ఉంది. తేడా ఉంటే నీ కోడ్‌లోనే ఉంది.”

“వెలుగు లోపలికి రాకుంటే కోడ్ ఏం చేస్తుంది అంకుల్? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.”

“పిల్లను ఒళ్ళో ఊపుతూ రాసిన కోడ్ ఇంకెలా ఉంటుంది!”

పక్కనే పిల్లను ఎత్తుకుని తేజేష్ భార్య కీర్తన నిలబడి ఉంది. ఆమె ముఖం మాడిపోయింది. తేజేష్ లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, పిల్లను అందుకుని వెళ్ళిపోయాడు. గేటు దాటకముందే వాట్సాప్ గ్రూపులోంచి కూడా వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక సంగతి విన్న పద్మావతి కూరలో గరిటె అలాగే వదిలేసి ఆయన వైపు తిరిగింది. “మిక్సీ చెడితే నెమ్మదిగా స్క్రూ విప్పుతారు. మనిషి దగ్గరకొచ్చేసరికి సుత్తి తీస్తారేమండీ?”

ఆయన పొయ్యి కట్టేసి, కూరలోంచి గరిటె తీసిపెట్టాడు. తేజేష్ లేకపోతే ఆ కోడ్ తెరిచి చూసేవాడు కూడా లేడు. ఇక మిగిలింది ఆ రెండో షరతే. చాలాసేపు మీసం పీక్కుని, ఆఖరికి మర్నాడు పొద్దున కూర్చుని, తమ పెట్టె చెడిపోయిందని, ఎందుకో తమకు తెలియడం లేదని, ప్రపంచమంతా చూసే ఆ పేజీలో రాశాడు. మూత తీసిన ఫోటో ఒకటి, మూత పెట్టిన ఫోటో ఒకటి జతచేశాడు. బజార్లో చొక్కా విప్పి నిలబడ్డట్టు అనిపించింది.

జవాబు మరీసానే రాసింది. ఎగతాళి ఏమీ లేదు. పుల్ల లోతెంత, కరెంటు ఎంత వస్తోంది అని అడిగింది. చివర ఇంకో ప్రశ్న: “మూత మధ్యలో ఎర్రటి బిళ్ళ ఉంది. నా డ్రాయింగులో అది లేదు. మీరు కొత్తగా చేర్చిన భాగమా? అది ఏం పని చేస్తుంది?”

గిరిప్రసాద్‌కు చిరాకు పుట్టింది. ఎర్ర బిళ్ళేమిటి ఈవిడ మొహం! ఫోటో తెరిచాడు. పెద్దది చేశాడు. నాలుగు స్క్రూలు, తెల్ల మూత, పక్కన పైపు. “ఇదిగో, ఇందులో ఎర్ర బిళ్ళ ఏదైనా ఉందా?” అని భార్యను పిలిచాడు.

పద్మావతి కళ్ళజోడు సవరించుకుని చూసింది. “ఏ బిళ్ళా లేదే. ఉత్త పెట్టె.” ఫోను తిరిగి ఇచ్చేస్తూ, “బొట్టు ఉందనుకోండి,” అంది.

ఆయన తలెత్తి చూశాడు. గ్యాస్ పొయ్యికి బొట్టు. ఫ్రిజ్జు తలుపుకు బొట్టు. గడపకు బొట్లు. కిటికీలోంచి కనిపిస్తున్న స్కూటర్ హెడ్‌లైటు మీద బొట్టు. ఇన్నాళ్ళూ ఆ మూతను ఇన్నిసార్లు చేతిలో తిప్పాడు, విప్పాడు, బిగించాడు, తుడిచాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతికాడు. బొట్టు లేకపోతే ఆ లోటు కనిపించి ఉండేది గానీ, ఉన్న బొట్టు ఎవడికి కనిపిస్తుంది?

అప్పుడు మరీసా గీసిన డ్రాయింగు మళ్ళీ తీశాడు. నడినెత్తి పల్లం అలంకారం కాదు. మూత మందంగా ఉంటుంది. అక్కడొక్కచోటే ప్లాస్టిక్ కాగితమంత పల్చన. వెలుతురు దిగే దారి అదొక్కటే. ఆ ముక్క కోడ్ పక్కనున్న పేజీలో రాసి ఉంది. కోడ్ చదివిన తేజేష్‌కు ఆ పల్లం సంగతి తెలుసు గానీ, బొట్టు కంటికి ఆనలేదు. బొట్టు పెట్టినవాడికి పల్లం సంగతే తెలియదు. ప్రతిదానికీ ఎందుకని అడిగే పెద్దమనిషి, తను చేసిన వస్తువు మీది పల్లం ఎందుకో మాత్రం అడగలేదు.

మధ్యాహ్నానికి తోటకు పరుగెత్తాడు. గుంపులో సగం మంది అక్కడే బిందెలు మోస్తున్నారు. ఏమీ చెప్పకుండా రుమాలు తడిపి బొట్టు తుడిచాడు. పోశవ్వ టిక్కుమంది. పైపుల్లో నీళ్ళు సరసరా పాకాయి.

అందరికీ విషయం అర్థమయ్యేసరికి కౌసల్యమ్మ గట్టు మీద కూలబడింది. “అయ్యో దేవుడా. శుక్కురారం శుక్కురారం నా శేతులతోనే ఆమె కన్ను మూసిన్నా? వాన కడిగితె గూడ మల్ల పెట్టిన. ఆ పిలగాడు నా మూలాన మాట పడ్డడు.” అంత గొంతున్న మనిషి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. గిరిప్రసాద్‌ను కూడా ఎవరూ ఏమీ అనలేదు. దసరా నాటి గిన్నె ఎవరికీ గుర్తున్నట్టు లేదు. నోరు మూసుకుంటే చాలు, ఆ మాట అక్కడితో పోతుంది. ఆయన ఒక్క క్షణం నిజంగానే ఊరుకున్నాడు. తర్వాత ఆమె పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

“మొదటి బొట్టు నాది కౌసల్యమ్మా. ఈ వేలే. నువ్వు చేసింది నా బొట్టు చెరిగిపోకుండా చూడటం, అంతే.”

సాయంత్రం కుంకుమ అంటిన ఆ రుమాలు పట్టుకుని తేజేష్ ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసిన కీర్తన లోపలికి రమ్మనలేదు. ఈయన గుమ్మంలోనే నిలబడ్డాడు. “ముందు నీకు చెప్పాలమ్మా. నీ మొగుడి కోడ్‌లో వంక లేదు. ఉన్న వంకంతా నా నోట్లో, నా వేలిలో ఉంది. తప్పయింది,” అని జరిగిందంతా చెప్పాడు. లోపలి గదిలో కుర్చీ కిర్రుమంది. తర్వాత, “ఎర్ర బిళ్ళ అందా ఆవిడ?” అని తేజేష్ గొంతు వినబడింది. ఆ వెనకే నవ్వు, నవ్వుకు లేచిన చంటిపిల్ల ఏడుపు. కీర్తన కూడా నవ్వాపుకోలేక పక్కకు తప్పుకుంది.

కాఫీ తాగుతూ తేజేష్ అసలైన ప్రశ్న వేశాడు. “ఈ రోజు తుడిచాం. రేపు ఇంకెవరో పెడతారు. పల్లం చూస్తే ఎవరి వేలైనా ఆగుతుందా అంకుల్? పెట్టొద్దని బోర్డు పెడదామా?”

“బోర్డు చదివి బొట్టు మానేసినవాణ్ణి నువ్వెక్కడైనా చూశావా?” అన్నాడు గిరిప్రసాద్. జేబులోంచి పెన్ను తీసి, డ్రాయింగు మీద, పాత పల్లానికి కాస్త కింద, ఇంకో గుండ్రటి పల్లం గీశాడు. దాని కింద ప్లాస్టిక్ మందంగా. పని ఏమీ లేదు దానికి. కేవలం బొట్టుకు. పక్కన బాణం గుర్తు వేసి ‘బొట్టు ఇక్కడ’ అని రాశాడు. తేజేష్ ఆ రాత్రే కొత్త మూత తీశాడు, షరతు ప్రకారం మార్పు నెట్‌లో పెట్టారు. ‘చెడిపోవడానికి కారణం’ అన్నచోట ఆయన తనే టైపు చేశాడు: గిరిప్రసాద్ ఉంగరం వేలు. రెండు పల్లాలతో తనూ ఒక మూత చేసుకుంటున్నానని, రెండో దాంట్లో ఏ రంగు పెట్టాలో చెప్పమని మరీసా రాసింది.

దీపావళి పొద్దున్నే నరేందర్ తలంటుకుని, కొత్త చొక్కాతో దిగాడు. టమాట మొక్కలు మోకాలెత్తు నిలబడి ఉన్నాయి. వంగి మట్టి చిదిమి చూశాడు. “ఎవలు పోసిన్రు నీళ్ళు?”

“ఎవరూ పోయలేదు,” అన్నాడు గిరిప్రసాద్. “మేం తోటకొచ్చి వారమైంది. కావాలంటే కాసేపు కూర్చో.”

నరేందర్ గట్టు మీద కూర్చున్నాడు. ఎండ షెడ్డు రేకుల మీది నుంచి మెల్లగా మళ్ళలోకి దిగింది. పోశవ్వ టిక్కుమంది. నీళ్ళు కదిలాయి. అతను పైపు మీద చెయ్యి వేసి, ఆ చల్లదనం తగిలేదాకా అలాగే ఉంచాడు.

కౌసల్యమ్మ హారతి పళ్ళెం తెచ్చి అతని ముందు తిప్పింది. నరేందర్ హారతి కళ్ళకద్దుకున్నాడు. పళ్ళెంలో కుంకుమ కనిపించగానే వేలు అద్దుకుని, ఏమాత్రం ఆలోచించకుండా, పోశవ్వ నడినెత్తి పల్లం మీదికి తిన్నగా చెయ్యి చాపాడు.

“ఆడ గాదు!” కౌసల్యమ్మ కేక పెట్టింది. మిగతావాళ్ళంతా కూడా ఒక్కసారే అరిచారు.

నరేందర్ వేలు గాల్లో ఆగిపోయింది. “మరి యాడ?”

గిరిప్రసాద్ ఆ చెయ్యి మెల్లగా పట్టుకుని రెండో పల్లం దగ్గరికి తెచ్చాడు. నరేందర్ బొట్టు పెట్టాడు. వేలికి మిగిలిన కుంకుమ తన నుదుటికి రాసుకుని, రెండు చేతులూ జోడించాడు. తర్వాత ఫోన్ తీశాడు.

“ఆ, అన్నా, నేను నరేందర్ను. లారీలకు ఇంకో జాగ సూస్కోన్రి. ఇది గాదు. ఆ, గాదంటె గాదు.”

నీళ్ళు చూసా, బొట్టు చూసా, ఎందుకు ఒప్పుకున్నావని అడగబోతూ గిరిప్రసాద్ నోరు తెరిచాడు. తేజేష్ పక్కనుంచి ఆయన మోచెయ్యి గట్టిగా గిల్లాడు.

“అడగొద్దంకుల్.”